ఒకటో గంట

లికోని రేవులో పడవెక్కే చోట గేటుంటుంది.
సరిగ్గా నా ముందున్న మనిషి వీపు దగ్గరే మూసుకుంటుంది అది.
మూడేళ్ళుగా ఆ వీపుల్ని చూస్తూ నర్సు చదువు చదువుతున్నాను,
సంచిలో రెండు మహంరీలు,
మడత నలగకుండా చుట్టిన తెల్ల యూనిఫాం.

అవతలి ఒడ్డున మొంబాసా, కొండంత ఆసుపత్రి,
వార్డు గుమ్మం పక్కన బల్ల, బల్ల మీద హాజరు పుస్తకం.
ఏడు కొట్టగానే న్యాంవులా మేడమ్
చెక్క స్కేలు పెట్టి ఎర్రగీత గీస్తుంది.
గీత కింద మూడుసార్లు పేరు పడితే
ఒక రోజు పోయినట్టు.
నూటికి తొంభై రోజులు లేకపోతే
పరీక్ష హాలుకీ గేటుంటుంది.

సాకులకు నాకేం కొదవ?
పోటెక్కింది, ఇంజను దగ్గింది,
ఉల్లిపాయల లారీ ర్యాంపు మీద అడ్డం తిరిగింది.
(సగం రోజులు నేనే నిద్ర లేవలేదు.)
మేడమ్ ఎప్పుడూ అరవలేదు.
అరిచి ఉంటే బాగుండేది.

జూన్‌లో ఒక వాన పొద్దున
ఏడూ పద్నాలుక్కి చేరాను.
బల్ల దగ్గర ఎవరూ లేరు. ఎర్ర సిరా ఇంకా ఆరలేదు.
గీతకు పైన, రెండు పేర్ల నడుమ, చిన్న సందు.
అందులో 'కాద్జో' అని ఇరికించి
పక్కన 6.58 అని రాశాను.
ఎనిమిది చాలా అందంగా వచ్చింది.

లోపల పదకొండో మంచం దగ్గర
రాత్రి డ్యూటీ రిజికి నిలబడే ఉంది.
అప్పగింతలు నా కోసం ఆగిపోయాయి.
ఆమె యూనిఫాం ముందు రెండు తడి మరకలు,
షిల్లింగు బిళ్ళంత,
చూస్తుండగానే సాసరంత.
వాన అనుకున్నాను.
రాత్రంతా గడప దాటని మనిషి మీద
ఏ వాన కురుస్తుంది?
ఇంట్లో నాలుగు నెలల బిడ్డ.
పాలు వాటి వేళకు అవి చేపుకొచ్చాయి.

ఒక్క మాట అనలేదు.
చేతులు రెండూ గుండెలకు అడ్డం కట్టుకుని
మంచం మంచానికీ నడిచి అప్పగించింది:
ఇతనికి ఆరింటికి సూది వేశాను,
ఈమెకు మూత్రం తగ్గింది, గంటగంటకూ కొలువు,
చిరీమా తాత రాత్రి రెండుసార్లు కూతుర్ని పిలిచాడు,
కూతురు రాలేదు,
పిలిస్తే నువ్వు పలుకు.

చార్టులో ఆమె రాసిన ఆరుని చూశాను.
నమ్మాను. నమ్మక?
ఆ ఆరు నిజం కాకపోతే
తర్వాత నా చేత్తో ఎక్కించేది మందో విషమో.
అప్పుడు గుర్తొచ్చింది నా అందమైన ఎనిమిది.

వెనక్కి పరిగెత్తేసరికి మేడమ్ అక్కడే ఉంది,
ఎక్స్‌రేలో విరుగుడు వెతికినట్టు
ఆ సందునే చూస్తూ.
"చెరపకు," అంది. "ఒక్క గీతతో కొట్టెయ్యి,
కింద ఏం రాశావో కనపడాలి.
పక్కన నిజం రాసి సంతకం పెట్టు.
చార్టులో తప్పు పోతే ఏం చేస్తాం? అదే."
పెట్టాను.
సాయంత్రం పడవలో ఏడ్చాననుకునేరు,
ఆకలేసి మహంరీలు తిన్నాను.

మా స్వాహిలీలో పొద్దుటి ఏడంటే ఒకటో గంట.
పొద్దు పొడిచాకే మాకు లెక్క.
రాత్రి ఏడైనా ఒకటే.
రిజికి ఒకటింటికి వచ్చి ఒకటింటికి వెళ్ళాలి.
ఈ ఒకటిని తెచ్చివ్వడం నా పని.
అమ్మమ్మ నోట వేలసార్లు విన్న మాట ఇది,
ఆ తడి చూశాకగానీ ఎక్కలేదు.

ఇప్పుడు చీకటితోనే రేవుకొస్తున్నాను,
కాఫీ అమ్మే ముసలాయన కప్పులు గలగలలాడించే వేళకి.
అయినా మొన్న మళ్ళీ పడవ ఆగింది,
కచ్చితంగా నీళ్ళ నడిమధ్యన.
వార్డుకు ఫోన్ చేశాను:
ఇరవై నిమిషాలు పడుతుంది,
నా మంచాలు ఎవరైనా చూసుకోండి,
రిజికిని పంపెయ్యండి.

ఎర్రగీత కింద పేరు రాశాను.
7.20.
సున్నా కొంచెం వంకర పోయింది.